నల్లమ్మ కునుకు

అనంతపురం నుంచి బుక్కరాయసముద్రం పోయే దారిలో, ఒక మేడ మీద కౌన్సెలింగ్ కేంద్రం ఉంది. ఇంట్లో దెబ్బలు తిన్నవాళ్లు, నిద్ర పట్టనివాళ్లు, పంట పోయి బతుకు మీద ఆశ వదులుకున్నవాళ్లు అక్కడికి వచ్చి మనసు విప్పుకుంటారు. ఆ గదులు ఊడ్చే మనిషి నల్లమ్మ. ఆ కేంద్రాన్ని ఆమె 'ఏడ్చి పోయే ఆఫీసు' అనేది.

ఆమెది బెళుగుప్ప పక్కన పల్లె. గొర్రెల వెంట తిరుగుతూ పెరిగింది. వానలు మొహం చాటేసిన ఏడాది మందను అమ్ముకున్నారు. మరుసటేడు మొగుడు పోయాడు. పట్నంలో పని ఇప్పిస్తానని దేవేంద్ర అనే కాంట్రాక్టరు తీసుకొచ్చాడు. ఆఫీసులకు ఊడ్చేవాళ్లను పంపడం అతని వ్యాపారం. పొద్దున వ్యానులో దింపేవాడు, సాయంత్రం ఎక్కించుకు పోయేవాడు.

కేంద్రంలో అందరూ ఆమెను మెచ్చుకునేవారు. నోరెత్తదు, సెలవడగదు, పండగ నాడు కూడా వస్తుంది. ఎందుకు వస్తుందో అడగాలని ఎవరికీ తట్టలేదు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోయింది. వచ్చినవాళ్లెవరూ లేరు. నల్లమ్మ గది తుడిచి, ఏడ్చేవాళ్లు కూర్చునే మెత్తటి కుర్చీలో ఒక్క నిమిషం కూర్చుంది. కళ్లు మూతపడ్డాయి.

ఫ్యాను ఆగిన ఆ గదిలో ఎక్కడినుంచో గాలి మొదలైంది. బెళుగుప్ప మెట్ట మీద గాలిమరలు తిరుగుతున్నాయి. రెక్కల నీడలు ఎర్రనేల మీద పాకుతుంటే, అమ్మేసిన గొర్రెలన్నీ వాటిని దాటుకుంటూ తిరిగి వస్తున్నాయి. చినుకులు. వాసన. నల్లమ్మ ఎదురెళ్లబోతే నడుమ ఒక రేకు తలుపు అడ్డం వచ్చింది. దానికి గోడల్లేవు, బయలు మధ్య ఒంటరిగా నిలబడి ఉంది. పక్కనుంచి పోవచ్చని కలలో ఆమెకు తోచలేదు.

"తలుపు తియ్యప్పా దేవేంద్రా... వాన వస్తాండాది. నేను యాడికీ పారిపోనులేప్పా. తియ్యప్పా..."

ఆ మాటలు గుమ్మంలో నిలబడిన హేమావతికి వినిపించాయి. ఆమె అక్కడ కౌన్సెలరు, ధర్మవరం నేతవాళ్ల ఇంటి పిల్ల. నల్లమ్మను లేపలేదు. ఎదురు కుర్చీలో కూర్చుని, ఆమె తనంతట తాను కళ్లు తెరిచేదాకా చూసింది.

నల్లమ్మ ఉలిక్కిపడి లేచింది. "తప్పయిపోయిందమ్మా. దేవేంద్రన్నకు చెప్పద్దమ్మా."

"కూచో నల్లమ్మా. ఆ కుర్చీ ఎవరు కూచుంటే వాళ్లదే. రాత్రిళ్లు యాడ పడుకుంటావు?"

"అన్న షెడ్డులో."

"బీగం ఎవరు వేస్తారు?"

నల్లమ్మ కొంగు చివర మెలిపెట్టింది. "అన్నే. బయట్నుంచి. ఫోను, ఆధార్ కార్డు గూడా ఆయప్ప కాడే ఉండాయి. ఊరికి పోతానంటే, పో, నీ జాగాలో మీ చెల్లెల్ని తెచ్చి పెడతా అన్నాడు."

ఇలాంటి ప్రశ్నలు హేమావతి ఎంతమందినో అడిగింది. రోజూ తనకు మంచినీళ్లు తెచ్చిపెట్టే మనిషిని మాత్రం అడగలేదు.

"పోలీసులకు చెప్పేదా, వద్దా? నువ్వు ఊ అనందే నేను కదల్ను. ఈ సాయంత్రం మాత్రం నువ్వు ఆ వ్యాను ఎక్కే పని లేదు."

"షెడ్డులో ఇంకా ఇద్దరు ఉండారమ్మా."

"వాళ్లను గూడా తెచ్చుకుందాం."

"ముందు మా చెల్లెలు మారెమ్మ కాడికి ఎవరన్నా పోవల్ల. అది బాగుందని తెలిసినాక ఊ అంటా."

కేంద్రం పెద్ద జయరాం హేమావతి చెప్పింది విని ఇబ్బందిపడ్డాడు. "దేవేంద్ర మన మనిషి కాదు గదమ్మా, కాంట్రాక్టరు."

"నల్లమ్మ మన మనిషే గదా సార్?"

ఆయన బెళుగుప్పలో తెలిసినవాళ్లకు తానే ఫోన్ చేశాడు. వాళ్లు మారెమ్మను తమ ఇంటికి తీసుకుపోయి, అక్కతో మాట్లాడించారు. చెల్లెలి గొంతు విన్నాక నల్లమ్మ ఊ అంది. పొద్దు వాలకముందే పోలీసులు, లేబరు ఆఫీసరు షెడ్డు బీగం పగలగొట్టారు. లోపల ఉన్న ఇద్దరిలో ఒకామె వెంటనే బయటికి రాలేదు. నిద్రలో నడిచే మనిషిలా గడప మీదే నిలబడిపోయింది. నల్లమ్మ వెళ్లి చెయ్యి పట్టుకుంటే అడుగు వేసింది.

దేవేంద్ర మీద కేసు ఇంకా నడుస్తోంది. కేంద్రం మాత్రం కాంట్రాక్టర్లను మానుకుంది. ఇప్పుడు అక్కడ ఎవరు పనిలో చేరినా మొదటి రోజు హేమావతి వాళ్లను ఒంటరిగా కూర్చోబెట్టి మాట్లాడుతుంది. యాడ పడుకుంటావు, నీ ఫోను ఎవరి కాడ ఉండాది, ఊరికి పోవాలంటే ఎవర్నడగాల అని.

నల్లమ్మ పల్లెకు పోయి చెల్లెలి ఇంట్లో రోజుల తరబడి నిద్రపోయింది. ఇక రాదనుకున్నారు. ఒక పొద్దున మారెమ్మను వెంటబెట్టుకుని మెట్లెక్కి వచ్చింది.

"ఏడ్చేవాళ్లు వస్తానే ఉంటారు గదమ్మా. ఊడ్చేవాళ్లు వద్దా?"

ఈసారి కేంద్రమే ఆమెను పనిలోకి తీసుకుంది. అక్కాచెల్లెళ్లు బుక్కరాయసముద్రంలో ఒక గది అద్దెకు తీసుకున్నారు. ఆదివారం సాయంత్రాలు చెరువు కట్ట మీదికి పోయి, కాగితంలో కట్టించుకున్న బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తింటారు. నీళ్లేవో ఆకాశమేదో తెలియనట్టు చెరువంతా ఒకే రంగులోకి మారుతుంది. కొంగలు ఆ రంగులోంచి లేచి, ఆ రంగులోకే దిగుతాయి.

"పోదామా అక్కా? చీకటి పడతాండాది."

"ఉండు మారీ. ఇంగ కొంచేపు."