పూజ చేసిన క్రేను

నాకు కుళ్లు ఎక్కువ. మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే కాబట్టి దాచి లాభం లేదు. చీరల మీదా నగల మీదా కాదు, ఒకే ఒక్క బొమ్మ క్రేను మీద. తల నెరిసింది గానీ ఆ కుళ్లు మాత్రం తగ్గలేదు.

మెదక్‌లో మాది ఉమ్మడి ఇల్లు. పెదనాన్న కొడుకు, నాకు అన్న, నాకంటే కొంచెమే పెద్ద. ఒక ఎండాకాలం వాళ్ల మేనమామ హైదరాబాద్ నుంచి వస్తూ వాడికి ఒక అట్టపెట్టె తెచ్చాడు. అందులో చిల్లులు చిల్లులుగా ఉన్న ఎర్రటి, పచ్చటి ఇనుప పట్టీలు, చిన్న చక్రాలు, వేలి గోరంత నట్లు, బోల్టులు, వాటికి సరిపోయే బుల్లి పానా. ఎలా కావాలంటే అలా బిగించి లారీ చేయొచ్చు, వంతెన చేయొచ్చు, విప్పి మళ్లీ ఇంకోటి చేయొచ్చు. ఆ 'మళ్లీ' అన్న మాట దగ్గరే నా మనసు చిక్కుకుపోయింది.

మా అమ్మకు అన్నదమ్ములు లేరు. మేనమామ లేని పిల్లకు అలాంటి పెట్టెలు ఎవరు తెస్తారు? నాన్నను అడిగితే అవి మగపిల్లల ఆటలన్నాడు. నేను ఏడ్చి ఇల్లు పీకి పందిరేస్తే బజారుకు పోయి వంటసామాను బొమ్మలు కొనుక్కొచ్చాడు. ఆ గిన్నెల్లో నేను ఒక్కనాడూ ఉత్తుత్తి అన్నం కూడా వండలేదు.

అన్న క్రేను మొదలుపెట్టాడు. పెట్టెలో వచ్చిన కాగితం మీది బొమ్మను చూసి ఏ పట్టీ ఎక్కడికి పోతుందో వాడికంటే ముందు నాకే అర్థమయ్యేది. చెబితే కసురుకునేవాడు. మంచం కిందికి దొర్లిన నట్లు వెతికి ఇవ్వడం వరకే నా ఉద్యోగం. ఏడుపాయల జాతరలో నేనొక రంగులరాట్నం చూశాను, కిందికీ పైకీ తిరిగేది. ఆ పట్టీలతో దాన్ని చేయాలని నా పట్టుదల. ఏ చక్రం ఎక్కడ పెట్టాలో, ఊగే తొట్లు దేనికి వేలాడదీయాలో పడుకునేముందు రోజూ అనుకునేదాన్ని. నా వంతు ఎప్పుడని అడిగి అడిగి ప్రాణం తీస్తే వాడు ఒకరోజు మాటిచ్చాడు.

"పండుగ అయినంక విప్పుత. అప్పుడు నీ వంతు."

పండుగ అంటే దసరా అనుకుని రోజులు లెక్కపెట్టుకున్నాను.

పెదనాన్నకు ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు ఉండేది. దసరాకు పానాలు, సుత్తెలు, జాకీలు అన్నీ కడిగి వరసగా పేర్చి ఆయుధ పూజ చేసేవాళ్లు. ఆ ఏడు అన్న తన క్రేను కూడా తెచ్చి ఆ వరసలో పెట్టాడు. నాయనమ్మ మురిసిపోయింది. తడి పసుపు పట్టీ పట్టీకీ పూసింది, కుంకుమ బొట్లు పెట్టింది, కొక్కేనికి బంతిపూల దండ వేలాడదీసింది. హారతి ఇచ్చి అందరినీ దండం పెట్టుకోమంది. ఆ క్రేనుకు నేను కూడా దండం పెట్టాల్సి వచ్చింది. అంత కోపంతో నేను ఇంకే దేవుడికీ దండం పెట్టలేదు.

తెల్లారి ఖాళీ అట్టపెట్టె ముందేసుకుని కూర్చున్నాను. పాపం, వాడు మాట తప్పలేదు, పానా పట్టుకుని వచ్చాడు. నాయనమ్మే అడ్డం పడింది.

"పూజ చేసిన బండిని ఎవరన్న విప్పుతరా బిడ్డా? గట్లనే ఉండనియ్యి."

పూజ చేసిన పానాలతో పెదనాన్న అప్పటికే షెడ్డులో ఒక ట్రాక్టరును ముక్కలు ముక్కలుగా విప్పుతున్నాడు. అది ఆమెకు కనబడలేదు. బండ్లు విప్పి బతికే పెదనాన్న కూడా తల్లి మాటకు ఎదురు చెప్పలేదు. క్రేను అటక ఎక్కింది. ఏటా దసరాకు దిగేది, మళ్లీ తడి పసుపు, మళ్లీ కుంకుమ, మళ్లీ అటక. నట్లు తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. ఎన్ని రకాలుగానైనా మారగలిగిన ఆ బొమ్మ ఒకే రకంగా ఉండిపోయింది. నా రాట్నం నా తలలోనే ఉండిపోయింది.

నాయనమ్మ పోయి చాలా కాలమైంది. అన్న ఇప్పుడు తూప్రాన్‌లో పాత కార్లు అమ్ముతాడు. మొన్న దసరాకు జమ్మి పెట్టడానికి వాళ్లింటికి పోయాను. హాల్లో కొత్తగా అద్దాల బీరువా, లోపల లైట్లు. అరలనిండా బొమ్మ కార్లు, అన్నీ అచ్చం నిజం కార్లలాగే. ఒక్కదాని డబ్బా కూడా విప్పలేదు. విప్పితే విలువ పోతుందట. అన్నిటికంటే పై అరలో, పసుపు గట్టిపడి పెచ్చులు కట్టిన నా క్రేను. నా అంటున్నాను, చూశారా. నోట్లో వదిన పెట్టిన గారె ఉంది, కడుపులో మంట. విప్పని ఇన్ని డబ్బాలుండగా, విప్పనియ్యని అది కూడా వీడికే కావాలా అనిపించింది.

జమ్మి ఆకు అన్న చేతిలో పెట్టి కాళ్లకు మొక్కాను. జమ్మి పెట్టిన చిన్నవాళ్ల చేతిలో పెద్దవాళ్లు ఏదో ఒకటి పెట్టడం మాకు అలవాటు. ఏం కావాలె చెల్లె అని నవ్వుతూ అడిగాడు. నేను పై అర వైపు చూపించాను.

వాడి నవ్వు ఆగిపోయింది. చేతిలో జమ్మి ఉంది, కాదనలేడు. చివరికి తాళం తీసి క్రేనును, దాని పానాను నా ఒళ్లో పెట్టాడు.

మెదక్ తెచ్చి డీజిల్‌లో నానబెట్టాను. ఏళ్ల పసుపంతా కరిగి గిన్నె అడుగుకు దిగింది. మొదటి నట్టు కదిలినప్పుడు ఇంట్లో ఒక్కదాన్నే ఉండి గట్టిగా నవ్వాను. నాయనమ్మ చూస్తే ఏమనేదో తెలియదు గానీ, నాకు మాత్రం జంకు కలగలేదు.

ఆ ఆదివారం అన్న వచ్చాడు. ఎటో పోతూ వచ్చానన్నాడు గానీ, చూడ్డానికే వచ్చాడని తెలుస్తూనే ఉంది. నేను కింద పేపర్ పరుచుకుని రాట్నం బిగిస్తున్నాను. చక్రం నిలబడింది, తొట్లు సగం వేలాడాయి. మోకాళ్ల నొప్పులతోనే వాడు నా ఎదురుగా కూలబడ్డాడు. ఒక నట్టు మంచం కిందికి దొర్లితే వంగి వెతికి తెచ్చి ఇచ్చాడు. ఇంకొకటి దొర్లితే అదీ తెచ్చాడు. కాసేపటికి చెయ్యి చాపాడు.

"జర పానా ఇటియ్యి చెల్లె. ఒక్కటి నేను బిగిస్త."

పానాను పిడికిట్లో దాచుకున్నాను.

"పండుగ అయినంక," అన్నాను.

ఏ పండుగ అని అడిగాడు వాడు. నేను తర్వాతి తొట్టి బిగించడం మొదలుపెట్టాను.