ఖైర్‌ఖానా క్షురకుల పరీక్ష

ఖలీఫా గౌసుద్దీన్ క్షౌరశాల కాబూల్‌లోని ఖైర్‌ఖానాలో, బస్సులు తిరిగే మలుపు దగ్గర ఉంది. ఎదురుగా నా చాయ్ దుకాణం. మధ్యలో ఒక మురుగు కాలువ. ఇరవై రెండేళ్లు ఆ కాలువ మీదుగానే మాట్లాడుకున్నాం.

ఆయన తండ్రి క్షురకుడు, తాత క్షురకుడు. కాబూల్‌లో ఈ పని చేసేవాళ్లను ఖలీఫా అంటారు, పిల్లలకు సున్తీలు చేసేదీ వాళ్లే. మా వీధి మగవాళ్లలో సగం మందికి చేసింది గౌసుద్దీనే. అందుకని ఎవరు ఏ పదవిలోకి వెళ్లినా, ఏ తుపాకీ పట్టుకు తిరిగినా, ఆయన ఎదుట పడితే గొంతు కాస్త తగ్గించేవాళ్లు.

ఆయనకు రాజకీయం లేదు. మతం అందరికీ ఉన్నంత ఉంది. రోజూ పొద్దున్న షట్టర్ పైకి లేపడం, ఆ చప్పుడు వినడం, అంతకుమించి కోరిక లేదు.

తాలిబాన్ వచ్చిన రెండో శరత్తులో ఆ చప్పుడు ఆగిపోయింది. కుర్రాళ్లకు నుదుటి మీద జుట్టు వదులుతున్నారని వీధిలోని ఏడు క్షౌరశాలలకూ తాళాలు పడ్డాయి. తాళంచెవులు ముల్లా అమానత్ జేబులోకి వెళ్లాయి. పదకొండు రోజుల తర్వాత కబురు వచ్చింది. ఇరవై ప్రశ్నల పుస్తకం ఇస్తారు. పరీక్ష పెడతారు. జవాబు చెప్పినవాడికి తాళంచెవి. చెప్పలేనివాడి దుకాణం పహరా వాళ్ల కట్టెల కొట్టు అవుతుంది.

గౌసుద్దీన్ నా బల్ల మీద కూర్చుని పుస్తకం తిప్పి చూశాడు. రెండు వేళ్లతో గాలిని కత్తిరిస్తూనే ఉన్నాడు. పని లేని పదకొండు రోజుల్లో అదొక అలవాటైంది.

"చదువు లాలా, వింటాను," అని నా చేతికిచ్చాడు.

చదివాను. మళ్లీ చదివాను.

"ఎక్కిందా?"

"ఎక్కింది. దిగింది కూడా."

"ఖలీఫా, రేపే పరీక్ష."

"ఏం చేయమంటావు? ఈ బుర్రలో ఒక పరీక్ష ఇదివరకే కూర్చుంది. లేవనంటోంది."

ఆ పరీక్ష నాకూ గుర్తుంది. పంతొమ్మిదేళ్ల కిందట, కమ్యూనిస్టుల విప్లవం వచ్చిన వసంతంలో, ఎర్ర అట్ట వేసిన చిన్న పుస్తకంతో కామ్రేడ్ తోర్యాలయ్ అనే మాస్టారు మా వీధికి వచ్చాడు. క్షురకులందరినీ సాయంత్రాలు కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. అందులోనూ ఇరవై ప్రశ్నలే. జవాబు సరిగ్గా చెబితే అందరూ లయగా మూడు చప్పట్లు కొట్టి హుర్రా అనాలి. కొట్టనివాడి పేరు రాసుకునేవాడు. అప్పుడు గడ్డం తీయాలి, గోడమీది ఫొటోలో నాయకుడికి ఉన్నట్టు దట్టంగా మీసం పెంచాలి. ఇప్పుడు మీసం తగ్గించాలి, గడ్డం పిడికిలికి అందాలి. గౌసుద్దీన్ కత్తి రెండు చోట్లకీ ఒకే ఓపికతో వెళ్లింది.

ముల్లా అమానత్ మొదటిసారి వీధిలోకి వచ్చి, చూపుడు వేలు ఎత్తి, గొంతు సవరించుకుని "ఎందుకు?" అని అడిగినప్పుడు ఏడుగురు క్షురకులూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తలపాగా కొత్తది. గడ్డం కొత్తది. వేలు తోర్యాలయ్‌దే. ఆ పాత పేరు ఎవరూ ఎత్తలేదు. మా వీధిలో అందరూ ఏదో ఒక ఏడు ఏదో ఒకటిగా ఉన్నవాళ్లే.

పరీక్ష నా దుకాణం ముందే పెట్టారు, బల్లలు నావి కాబట్టి. మధ్యాహ్నపు ఎండ. ముల్లా కుర్చీలో కూర్చున్నాడు. పక్కన నేక్‌మొహమ్మద్ నిలబడ్డాడు. హెల్మండ్ నుంచి వచ్చినవాడు, పాతికేళ్లు ఉంటాయి, చేతిలో తీగ కొరడా. వాడికి నవ్వు వచ్చేది కాదు.

గౌసుద్దీన్ వంతు వచ్చింది. రెండు ప్రశ్నలు తప్పాడు. మూడోది తప్పితే దుకాణం పోయినట్టే. ఆయన వేళ్లు ఆగిపోయాయి.

ముల్లా వేలు ఎత్తాడు. గొంతు సవరించుకున్నాడు.

"యువకుడి నుదుటి మీద జుట్టు పడకూడదు. ఎందుకు?"

నమాజులో వంగి సజ్దా చేసినప్పుడు నుదురు నేలకు తగలాలి అన్నది జవాబు. నేను కెటిల్ వెనక నుంచి నుదురు తట్టి చూపించాను. గౌసుద్దీన్ నన్ను చూడలేదు. కళ్లు మూసుకున్నాడు. లోపల ఏదో తలుపు తెరుచుకుంది. ఒకే ఊపిరిలో, పాటలా అందుకున్నాడు.

"నుదుటి మీది జుట్టు పరాయి దేశాల జబ్బు! అది మన యువకుణ్ణి సోమరిని చేస్తుంది! సోమరి శత్రువు పక్షం! మనకు ముందు అంతా చీకటి! మన దారి ఒక్కటే! ఆ దారిలో నడవనివాణ్ణి మనమే నడిపిస్తాం!"

ఎర్ర పుస్తకం, పదమూడో ప్రశ్న. అక్షరం పోలేదు.

ముల్లా మొహం విచ్చుకుంది. మంచి విద్యార్థి దొరికిన మాస్టారి మొహం అది. రెండు చేతులూ వాటంతటవే లేచాయి. టప్, టప్, టప్.

అంతే. ఆరుగురు క్షురకుల చేతులూ లేచాయి. టప్, టప్, టప్. హుర్రా మాత్రం పళ్ల దగ్గర ఆగింది.

అందరి చేతులూ దిగాయి. అప్పుడు ఏడోవాడు, చెవులు వినపడని ముసలి ఖలీఫా రోజీ ఒక్కడే, పక్కవాళ్లను చూసి ఆలస్యంగా అందుకుని, తృప్తిగా మూడు చప్పట్లు కొట్టాడు.

నాకు పొట్టలోంచి నవ్వు తన్నుకొచ్చింది. చాయ్ కాచే సమావార్ మూత తీసి ఆవిరిలో మొహం పెట్టాను.

"ముల్లా సాహిబ్," అన్నాడు నేక్‌మొహమ్మద్. "చప్పట్లు నిషేధం."

"తెలుసు. వీళ్లను పరీక్షించడానికి కొట్టాను. అందరూ పడ్డారు, చూశావా?"

"చూశాను. మొదట మీరు కొట్టారు. కొట్టినవాడికి గుండు. మినహాయింపు లేదని మొన్న మసీదులో చెప్పింది మీరే."

ముల్లాకు తను చెప్పిన మాట అడ్డం పడింది. తలపాగా విప్పాడు.

"జవాబు?" అని గౌసుద్దీన్ మెల్లగా అడిగాడు. "ఒప్పా, తప్పా?"

నేక్‌మొహమ్మద్ ఆలోచించాడు. "పుస్తకంలో లేదు. కానీ అందులో తప్పేం కనపడలేదు. గట్టిగా ఉంది."

"అయితే గుండ్లు ఎవరు చేస్తారు, బాబూ? కత్తులు లోపల ఉన్నాయి."

షట్టర్ తెరిచారు. ఆ చప్పుడుకి గౌసుద్దీన్ కళ్లు చెమ్మగిల్లాయి, కానీ నోరు నవ్వు ఆపుకోలేక వంకరపోయింది. ముల్లాను కుర్చీలో కూర్చోబెట్టి మెడకు తువ్వాలు చుట్టాడు. నేను చాయ్ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను.

"పదమూడోది నీకు ఇంకా గుర్తుందా?" అన్నాడు ముల్లా, అద్దంలోకి, పెదవులు కదలకుండా.

"మీరు నేర్పింది ఊరికే పోతుందా, మాస్టారూ? తల కాస్త దించండి."

"ష్!"

"దించండి మరి. చెవి తెగుతుంది."

గుండు పూర్తయ్యాక నేక్‌మొహమ్మద్ లోపలికి వచ్చి, చుట్టూ తిరిగి చూసి, తల ఊపాడు. తాళంచెవి కోసం చెయ్యి చాచాడు. పుస్తకంలో లేని జవాబుకి దుకాణం ఇవ్వరు, మళ్లీ తాళం వేయాలి కదా.

గౌసుద్దీన్ కత్తి తుడుస్తూ అన్నాడు, "నాదొక సందేహం. ఒకసారి గీస్తే అది శిక్ష ఎలా అవుతుంది? వారానికి మొలిచేస్తుంది. ఎవరికీ గుర్తుండదు."

"అయితే?"

"నలభై రోజులైనా ఉండొద్దూ? మొలిచినప్పుడల్లా గీయాలి. నాతో సహా ఎనిమిది తలలు. ఒక్క దుకాణంలోనే అంటే మీకు నమాజు వేళ దాటిపోతుంది. ఏడూ తెరిచి ఉంచితే..."

"ఖలీఫా!" అన్నాడు ముల్లా తువ్వాలు కింద నుంచి.

నేక్‌మొహమ్మద్ మొహం వెలిగింది. ఇంత కఠినమైన మాట వాడికి ఆ ఊళ్లో ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

"నలభై చాలదు," అన్నాడు. "వసంతం దాకా."

మిగతా ఆరు తాళంచెవులనూ ముల్లా జేబులోంచి తనే తీసి వీధిలోకి నడిచాడు. కాలువకు అటూ ఇటూ షట్టర్లు ఒకదాని తర్వాత ఒకటి లేచాయి.