ఫిల్మ్ నగర్‌లో ఒక పేషెంటును వెతుక్కుంటూ

ఎవరికైనా టీబీ ఉన్నట్టు తేలితే ప్రైవేటు ల్యాబులు కూడా ప్రభుత్వానికి తెలియజేయాలన్న నిబంధన అప్పుడే కొత్తగా వచ్చింది. వెంగళరావు నగర్‌లోని ఒక చిన్న ల్యాబులో నేను మైక్రోబయాలజిస్టుని. సుజాత అనే సినిమా గ్రూప్ డాన్సర్ (పేరు మార్చాను) కఫం నా చేతికే పరీక్షకిచ్చి, రిపోర్టుకి మళ్లీ రాలేదు. స్లైడు నిండా టీబీ క్రిములే. ఫోన్ చేస్తే స్విచాఫ్. చిరునామా అడిగితే ‘ఫిల్మ్ నగర్’ అని మాత్రమే చెప్పి వెళ్లింది. “వివరాలు పంపేశాంగా, మన బాధ్యత తీరింది” అన్నారు మా ఓనరు. రూలు తీరింది గానీ, మందు ఆమె గొంతు దిగలేదు కదా. సెలవు పెట్టి బయల్దేరాను.

ఎనిమిదింటికి ఆటో ఎక్కాను. యూసుఫ్‌గూడ, కృష్ణానగర్ మీదుగా జూబ్లీ హిల్స్ చెక్‌పోస్ట్ చేరి అక్కణ్ణుంచి ఫిల్మ్ నగర్ పైకి వెళ్లాలి; మీటరు మీద వందలోపే అవుతుంది. మెట్రో తవ్వకాల దుమ్ములో, మాదాపూర్ వెళ్లే ఐటీ కంపెనీల బస్సుల వెనక చాలాసేపు ఇరుక్కుపోయాం. “హీరోల ఇండ్లు చూడనీకి పోతున్నరా మేడం? నేను సూపిస్త” అన్నాడు డ్రైవరు. ఒకరిని కలవాలని మాత్రమే చెప్పాను.

బంగళాలు దాటాక బండరాళ్ల మీద కట్టుకున్న బస్తీ వస్తుంది. వెయిటింగ్ చార్జీ ఎందుకని ఆటోని అక్కడే పంపేశాను. ఇడ్లీ బండి నడిపే ఒకావిడని సుజాత గురించి అడిగితే, నన్ను కిందికీ మీదికీ చూసింది.

“ఏం పనమ్మా గామెతోని?”

“ఆమెతోనే చెప్పాలక్కా.”

జబ్బు సంగతి ఇంకొకరి చెవిన పడకూడదు. అబద్ధమాడటమూ ఇష్టం లేదు. ఇడ్లీ తిని, అక్కడే నిలబడ్డాను. కాసేపటికి ఆమే మెత్తబడింది. “జూబ్లీ హిల్స్ల రిహార్సల్ హాలుకు పోయింది. గీ రోడ్డు పట్టుకోని కిందికి పో.”

హాలు దగ్గర వాచ్‌మన్ లోపలికి పోనివ్వలేదు. భోజనాల వేళదాకా గేటు బయటే ఎండలో కాచుకున్నాను. బయటికొచ్చిన సుజాత నన్ను చూడగానే పాలిపోయి, గోడ పక్కకి లాక్కెళ్లింది.

“రిపోర్టు చూడకపోతే జబ్బు లేనట్టేననుకున్నానండీ. ఈ పాట అయిపోయేదాకా. గవర్నమెంటుకి పంపుతారంటగా, పంపకండి. డాన్స్ మాస్టారికి తెలిస్తే ఇంక పిలవరు.”

“పంపేశాం సుజాతా. దాచడానికి లేదు. కానీ నీ పేరు మందులిచ్చేవాళ్ల దగ్గరే ఉంటుంది, మాస్టారి దాకా రాదు.”

“అయితే ఇంక నాతో పనేంటి? వెళ్లండి” అని విసురుగా గేటు వైపు నడిచింది. నేను కదల్లేదు.

“గదిలో నీతోపాటు ఎవరుంటారు?”

ఆగింది. “మా అక్క. దాని చంటిపిల్ల.”

“పిల్ల ఎవరి పక్కన పడుకుంటుంది?”

“నా పక్కనేనండీ. అక్కకి తెల్లారే పని...” అంటూనే గోడకి ఆనుకుని కూలబడింది. చాలాసేపు ఏడ్చింది. తర్వాత లోపలికెళ్లి సంచీతో తిరిగొచ్చింది. “జ్వరమని చెప్పాను. పదండి.”

అందరికీ కార్లున్న ఆ రోడ్ల మీద ఖాళీ ఆటో ఎక్కడ దొరుకుతుంది? సుజాత పదేపదే వెనక్కి చూసింది. “రేపొస్తానండీ” అంది. “రేపు కాదు” అని చెయ్యి పట్టుకుని చెక్‌పోస్ట్ దాకా నడిపించాను. ఆటో దొరికాక ముక్కుకీ నోటికీ చున్నీ కట్టుకుని, గాలి తగిలేలా అంచున కూర్చుంది. ఎర్రగడ్డ దగ్గర సర్కారు కేంద్రంలో ఆ మధ్యాహ్నమే మొదటి మాత్రలు నా ఎదుటే మింగింది. మర్నాడు అక్కనీ పిల్లనీ తీసుకొచ్చింది. ఇద్దరికీ జబ్బు అంటలేదు. పిల్లకి ముందుజాగ్రత్తగా మందు మొదలుపెట్టారు. చికిత్స ముగిశాక సుజాత కఫం నేనే పరీక్షించాను. ఎంత వెతికినా ఒక్క క్రిమి కనబడలేదు. మాస్టారు మళ్లీ పిలిచారు, ముందు వరసకి మాత్రం కాదు.

సమాచారం పంపమని నిబంధన చెప్పింది. మనిషిని చేరుకోవడం ఎవరి పనో అందులో నాకు కనబడలేదు. కనబడలేదు కనకే వెళ్లాను. మీరూ ఇలాంటి పని మీద అటు వెళ్తే ఒక్క జాగ్రత్త తీసుకోండి: వెయిటింగ్ చార్జీ పోయినా సరే, ఆటోని పంపేయకండి. సరేనన్న మనిషి మనసు మారేలోగా బండి కదలాలి.