అత్తగారి మీద ప్రాక్టికల్

నర్సింగ్ కాలేజీ ప్రిన్సిపాలమ్మకు కబుర్లంటే ఒళ్లుమంట. వార్డులో మామూలు నర్సుగా మొదలై, డ్యూటీ చేస్తూనే పై చదువులు చదివి, ప్రొఫెసరై, చివరికి ఆ పెద్ద కుర్చీకి చేరింది. చేరాక చూస్తే అక్కడంతా మాటల సంత. సేవాభావం గురించి మైకు ముందు గంటసేపు దంచే పెద్దమనుషులకు రోగిని పక్కకు తిప్పడం రాదు. అందుకే కొత్త లెక్చరర్ ఎవరొచ్చినా, మనిషి మంచం మీద ఉండగానే దుప్పటి మార్చి చూపించమనేది. ముడత పడిందా, "ఇది పడకా, దున్నిన చేనా? ఆ ముడతే రేపు వీపున పుండవుతుంది" అనేది. సగంమంది మళ్లీ కనిపించేవారు కాదు.

ఆవిడకు కళ్లు నెత్తికెక్కాయన్నారు. ఎక్కితే ఎక్కాయి, చూపు మాత్రం ఎదుటివాళ్ల చేతుల మీదే ఉండేది.

ఆ ఏడు కాలేజీ యజమానురాలి కోడలు ఆఖరి పరీక్షకు వచ్చింది. ముందురోజే అత్తగారు ప్రిన్సిపాలమ్మ గదిలో దిగింది.

"మా పిల్ల పాసవ్వాలి. లేకపోతే నీ కుర్చీకి నేను పూచీ కాదమ్మా."

"పని చేతనైతే పాసవ్వక ఏం చేస్తుందండీ?"

"క్లాసులో ప్రాక్టీసు బొమ్మ మీద ఎంత చక్కగా చేస్తుందో! నేనే చూశాను."

"బొమ్మకు నోరు లేదు కదండీ. రేపు రోగి బదులు మీరే పడుకోండి. వీపు తుడిస్తే చాలు."

యజమానురాలు పంతానికి సరేనంది.

మర్నాడు కోడలు బేసినుతో వచ్చింది. మంచం వైపు చూడనేలేదు. ప్రిన్సిపాలమ్మ వైపు తిరిగి ఎక్కం అప్పజెప్పినట్టు మొదలుపెట్టింది.

"రోగికి చెప్పాను మేడం. తెర లాగాను మేడం. నీళ్ల వేడి చూశాను మేడం."

చెప్పలేదు, లాగలేదు, వేడి తెలిసేలా మోచెయ్యి ముంచడం అటుంచి నీళ్లలో వేలైనా పెట్టలేదు. బొమ్మ దగ్గర నోటితో అంటే చాలు, చేసినట్టే మార్కులు పడేవి.

తడిగుడ్డ వీపుకు తగలగానే అత్తగారు ఎగిరిపడింది.

"ఓసి నీ దుంపతెగ! ఐసు నీళ్లే ఇవి!"

"రోగి హాయిగా ఉంది మేడం" అంది కోడలు, చెయ్యి ఆపకుండా.

ప్రిన్సిపాలమ్మకు నవ్వు రాలేదు. ఇలాంటి చేతుల్లో ఇంతవరకు ఎన్ని పట్టాలు పెట్టారో లెక్కేసుకుంది. యజమానురాలు దుప్పటి చుట్టుకుని లేచింది. ఇప్పటికైనా ఈవిడకు బుద్ధి వచ్చిందేమో అనుకుంది ప్రిన్సిపాలమ్మ.

"అయినా పాస్ చేసెయ్యమ్మా" అంది యజమానురాలు, పళ్లు కొరుక్కుంటూనే. "ఇదేమన్నా వార్డులో చాకిరీ చేస్తుందా ఏం? నీ తరవాత ఆ కుర్చీలో కూర్చునేది ఇదే."

"అలాగా! అయితే ఇప్పుడే కూర్చోబెట్టుకోండి. నేను మాత్రం సంతకం పెట్టను."

కుర్చీ పోయింది. ఇంకో పరీక్షకురాలు వచ్చింది, కోడలు బొమ్మ మీదే పాసైంది, అందరూ చప్పట్లు కొట్టారు. మళ్లీ ఉత్త ప్రొఫెసరమ్మగా మిగిలిన ఆవిడను మొదటి ఏడు పిల్లలతో వార్డుకు తోశారు. దాన్ని శిక్ష అనుకున్నారు, పిచ్చివాళ్లు.

ఆవిడ పిల్లల ముందు బేసిను పెట్టి అంది: "నోళ్లు ముయ్యండి. మోచేతులు ముంచండి."