మానిన అంగిలి

నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం మా రాజాం వైపు ఆడవాళ్ళకు వక్క నమిలినంత మామూలు. మా మేనత్త కలుపు తీస్తూ, తిరగలి తిప్పుతూ, కోడళ్ళను తిడుతూ కూడా కాల్చేది. అరవయ్యో దశకం చివర్లో ఆమె అంగిట్లో పుండు లేచింది. క్యాన్సర్ అన్నారు. విశాఖపట్నంలో ఉంచి కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించారు. పుండు మానింది.

పంపించేటప్పుడు డాక్టరు మావయ్యకు రెండు సంగతులు చెప్పాడు. చుట్ట ముట్టకూడదు. నొప్పి ఉన్నా లేకపోయినా మూడు నెలలకోసారి తెచ్చి నోరు చూపించాలి. పత్రిక పని మీద నేను విశాఖ వెళ్తుండేవాణ్ణి కనుక, తీసుకెళ్ళడం నా వంతుకు వచ్చింది.

మొదటిసారి పిలవగానే వచ్చింది. అక్కడ డాక్టరు లైటు వేసి, తన దగ్గర చదువుకునే కుర్రాళ్ళందరికీ ఆమె నోరు చూపించాడు. తిరుగు బస్సు విజయనగరం దాటాక అత్త నా వైపు తిరిగింది.

"సంతలో గొడ్డు పళ్ళు సూసినట్టు సూసేర్రా. రోగం పోనాక ఇంకెందుకు?"

తర్వాతిసారి పిలవడానికి వెళ్తే పెరట్లో చుట్ట కాలుస్తోంది. మావయ్య పక్కనే తాడు పేనుతున్నాడు.

"ఇదేటత్తా?"

"కాల్సడం కాదురా, సూసుకోడం. పుండుంటే నిప్పు సెగకి సుర్రుమంటాది కదేటి? రోజూ ఒకటి పెట్టి సూస్తన్నాను. ఏటీ నేదు. మీ డాక్టరు లైటు కంటే ఇదే నయం."

"దానికి నోట్లోనే ఆసుపత్రి ఉన్నాదిరా," అని మావయ్య నవ్వాడు. "నువ్వెళ్ళి నీ పేపరు రాసుకో."

వాదించాను. కాని ఈ రోగం తొలిరోజుల్లో నొప్పి పెట్టకుండానే పెరుగుతుందని నాకూ అప్పటికి తెలియదు. చేలో వంగి పని చేసుకుంటున్న మనిషిని బస్సెక్కించలేకపోయాను.

రెండు గడువులు దాటిపోయాయి. ఒక పొద్దున్న తాగిన అంబలి అంగిట్లో పడిన చిల్లు గుండా ముక్కులోంచి వచ్చింది. ఆ మర్నాడు ఎవరూ పిలవకుండా తనే బయల్దేరింది. మావయ్యా, నేనూ వెంట వెళ్ళాం.

డాక్టరు ఈసారి కుర్రాళ్ళను పిలవలేదు. చూసి, లైటు ఆర్పి, చేతులు కడుక్కున్నాడు. మళ్ళీ కరెంటు పెట్టడానికీ, కోయడానికీ వీల్లేనంత ముదిరిపోయిందని నాతో ఇంగ్లీషులో మెల్లగా అన్నాడు.

"మళ్ళీ ఎప్పుడు రమ్మంటారు బాబూ?" అత్త అడిగింది. ఆ మాట ఆమె అడగడం అదే మొదలు.

"ఇక రానక్కర్లేదమ్మా. నొప్పి పెడితే ఈ బిళ్ళలు వేసుకో."

మావయ్య ముఖం విప్పారింది. బస్సులో పక్కన కూర్చున్న ధాన్యం వ్యాపారికి అడక్కుండానే చెప్పాడు: "మా ఇంటిదానికి బాగైపోనాదండి. మరి రానక్కర్నేదన్నారు."

నిజం చెబుదామని నేను మావయ్య వైపు వంగబోతే అత్త నా మోచెయ్యి పట్టుకుంది. అప్పటికే ఆమె మాట ముక్కుతో వస్తోంది.

"నాకు తెల్సురా. ఊరుకో. ఊడుపులు అవనీ, అప్పుడు సెప్దువుగాని. ఇప్పుడు తెలిస్తే మీ మావ పొలంలోకి దిగడు."

ఆ ఏడు వానలు ఆలస్యమయ్యాయి. నారు ఇంకా మడిలో ఉండగానే అత్త మంచం పట్టింది. మావయ్యకు నేను చెప్పవలసిన పని లేకపోయింది.