బల్లి పడిందన్నారు

మా నాయన పెళ్లిళ్లకు వంట చేసేవాడు. హిందూపురంలో మా ఇంటి వరండాలో గోడకు ఆనించి మనిషెత్తు గరిటెలు ఉండేవి. ముహూర్తాలు లేని మూఢాల్లో తప్ప ఆయన ఇంటిపట్టున కూర్చోవడం నేను పెద్దగా చూడలేదు. గోరంట్ల, మడకశిర, పెనుకొండ, ధర్మవరం, ఎక్కడ ముహూర్తం ఉంటే అక్కడికి ముందురోజు మధ్యాహ్నమే సామాన్ల ఆటోలో వెళ్లిపోయేవాడు. జనం ఆయన పూర్ణం పెట్టి చేసే ఓళిగలను మెచ్చుకునేవాళ్లు. ఆయన గర్వమంతా చారు మీద ఉండేది. చింతపండు తనే నానబెట్టుకుని, తనే పిసికి, తనే వడగట్టుకునేవాడు. ఆ పని ఎవరికీ వదిలేవాడు కాదు.

నేను డిగ్రీ చదివే రోజుల్లో సెలవు దొరికితే ఆయన వెంట వడ్డనకు వెళ్లేదాన్ని. పెనుకొండ పెళ్లికి కూడా అట్లానే వెళ్లాను.

పెళ్లికూతురు వాళ్లది పెనుకొండే. బట్టల వ్యాపారం చేసే కుటుంబం. పెళ్లికొడుకు వాళ్లు మడకశిర నుంచి బస్సు కట్టించుకుని వచ్చారు. తెలుగూ కన్నడమూ కలిపి మాట్లాడుకుంటూ, నవ్వుకుంటూ తిన్నారు మొదటి బంతిలో. చారు ఎంత వడ్డించినా ఇంకా అడుగుతూనే ఉన్నారు. నాయన వంటశాల గుమ్మంలో నిలబడి, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ, వాళ్లు తినడం చూశాడు. ఆ మొఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

రెండో బంతిలో పెళ్లికొడుకు తరఫు పెద్దాయన ఒకాయన కూర్చున్నాడు. తెల్ల చొక్కా, నిదానమైన మాట. వాళ్ల ఊళ్లో నలుగురూ ఆయన చెప్పినట్టు వినే మనిషని ఆయన చుట్టూ తిరుగుతున్న జనాన్ని చూస్తేనే తెలిసిపోయింది. చారన్నం కలుపుకుంటూ విస్తరిలో నుంచి ఏదో వేలికొసతో పైకి తీశాడు. సన్నగా, నల్లగా, కొంచెం వంకరగా ఉంది.

"ఏమప్పా ఇది? బల్లి తోక మాదిరి ఉండాదే," అన్నాడు.

ఆయన అరవలేదు. కోప్పడలేదు. పక్కాయనను మామూలుగా అడిగాడంతే. నేను చిత్రాన్నం పళ్లెంతో ఆయనకు ఎదురుగానే ఉన్నాను.

పక్కాయన తన పక్కాయనతో, "బల్లి తోకంట," అన్నాడు. ఆ పక్కన ఉన్నావిడ, "చారులో బల్లి పడిందంట," అంది. వరస చివరికి చేరేసరికి బల్లి ఉడికిపోయి, ముక్కలై, అందరి విస్తళ్లలోకీ వచ్చేసింది. నేను చూస్తుండగానే చేతులు ఆగిపోయాయి. ఎవరో లేచారు. చేతులు కడుక్కునే చోట ఒకావిడ వంగి వాంతి చేసుకుంది. ఆ శబ్దం విని ఇంకొకామె. ఆ తర్వాత లెక్కలేదు.

పిల్లలు మాత్రం ఓళిగలు తింటూనే ఉన్నారు. వాళ్లకు ఏమీ కాలేదు. తల్లులే పరుగున వచ్చి వాళ్ల చేతుల్లోవి లాగి పారేసి, గొంతుల్లో వేళ్లు పెట్టి కక్కించారు. పిల్లలు ఏడుస్తుంటే, "చూడు, కడుపులో మంట పుట్టిండాది పాపం," అనుకున్నారు.

నాయన వచ్చాడు. పెద్దాయన విస్తరి దగ్గర వంగి, దాన్ని తీసి వెలుతురులో పెట్టి చూశాడు.

"చింతపండు పీచప్పా ఇది. వడగట్టేటప్పుడు జారింటాది," అన్నాడు.

ఆయన దాన్ని నోట్లో వేసుకుని అందరి ముందూ నమిలాడు. "సూడండి, నేను తింటాండా. బల్లైతే తింటానా నేను?" అన్నాడు. తర్వాత వంటశాలలోకి పోయి, అండాలో నుంచి గ్లాసు నిండా చారు ముంచుకొచ్చి, నిలబడి తాగాడు.

గొడవ అయిపోయిందనుకున్నాను.

వెనకనుంచి ఒక మగగొంతు వినిపించింది. "ఉన్న ఒక్క సాక్ష్యమూ మింగేసినాడు సూడప్పా."

అంతే. అక్కడితో ఆయన మాట చెల్లడం ఆగిపోయింది. దాచిపెట్టి ఉంటే దాచాడనేవాళ్లు. పారేసి ఉంటే పారేశాడనేవాళ్లు. తిన్నాడు కాబట్టి మింగేశాడన్నారు.

ఆటోల్లో, కార్లలో, పెళ్లికొడుకు వాళ్లు వచ్చిన బస్సులో జనాన్ని ఎక్కించుకుని ఆసుపత్రికి పోయారు. మేమూ వెనకాలే వెళ్లాం. డాక్టరు వయసులో చిన్నవాడు. ఓపికగా ఒక్కొక్కరి నాడి చూశాడు, ఏం తిన్నారో అడిగాడు. పెళ్లికూతురు మేనత్త మంచం మీద మూలుగుతూ పడుకుని ఉంది.

"మీరేం తిన్నారమ్మా?"

"నేనేం తిన్లేదు సార్. శనివారం కదా, ఒక్కపొద్దు. పొద్దన్నుంచి నీళ్లు తప్ప ముట్టలేదు."

"మరి వాంతి ఎందుకైంది?"

"వాసన తగిలింటాది సార్," అంది.

డాక్టరు నవ్వలేదు. విషం తిన్న లక్షణాలు ఎవరికీ లేవనీ, ఒకరిని చూసి ఒకరు భయపడ్డారనీ బయటికి వచ్చి అందరికీ చెప్పాడు. ఉప్పూ చక్కెర కలిపిన నీళ్లు తాగమన్నాడు. సెలైన్ పెట్టమని అడిగి పెట్టించుకున్నవాళ్లు ఉన్నారు. పొద్దు గూకే లోపల అందరూ లేచి ఇళ్లకు పోయారు. నా మనసు తేలికపడింది. చదువుకున్న మనిషి, ఏ పక్షమూ కానివాడు, బల్లి లేదని చెప్పాడు కదా.

గేటు దగ్గర నిలబడిన మగవాళ్లు మాట్లాడుకుంటున్నారు. "ఎవురో ఫోన్ చేసింటారప్పా డాక్టరుకు. లేకుంటే అట్ల చెప్తాడా?"

మరుసటి రోజుకల్లా ఒక వీడియో ఫోన్లలో తిరిగింది. అందులో బల్లి లేదు, చారు కూడా లేదు. వంగి కక్కుకుంటున్న జనం, వాళ్ల మధ్య భుజాన తువ్వాలుతో బిత్తరపోయి నిలబడ్డ మా నాయన. తర్వాత దానికి ఎవరో ఒక ఫోటో జతచేశారు. స్టీలు గిన్నెలో తేలుతున్న బల్లి. మేం చారు కాచింది అల్యూమినియం అండాలో. ఆ ముక్క నేను ఎంతమందికి చెప్పానో. గోరంట్లలో ఉన్న మా సొంత చిన్నమ్మ కూడా ఫోన్ చేసి, "అంత పెద్ద బల్లి పడితే మీ నాయనకు కనపడలేదా పాపా?" అంది.

"చిన్నమ్మా, అది మన గిన్నె కాదు."

"ఫోటో సూసినాలే," అంది చిన్నమ్మ, జాలిగా.

ఆ జాలి గొంతే తర్వాత అందరిదీ అయింది. నాయన వంట ఒప్పుకున్న పెళ్లిళ్లవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి మానుకున్నారు. ఎవరూ నాయనను ఒక్క మాట అనలేదు. కాఫీ తాగారు, ఆరోగ్యం జాగ్రత్త అన్నారు. "మాకేం అనుమానం లేదన్నా. ఇంట్లో ఆడోళ్లు ఒప్పుకుంటాలేరు," అని మగవాళ్లు చెప్పారు. ఆడవాళ్లు అమ్మకు సంతలో ఎదురైనప్పుడు, "మాదేముందక్కా, మగోళ్లు వద్దంటాండారు," అన్నారు. ప్రతి ఇంట్లోనూ మా నాయనను నమ్మేవాళ్లు ఉన్నారట. నమ్మనివాళ్లు మాత్రం ఎప్పుడూ పక్కగదిలోనే ఉన్నారు. ఆ గదిలో ఎవరున్నారో ఈనాటికీ నాకు తెలియదు.

ఆయన దగ్గర పనిచేసేవాళ్లు ఇంకో వంటాయన దగ్గరికి చేరారు. గరిటెలు అక్కడే గోడకు ఆని ఉండిపోయాయి.

ఇదంతా బయట జరిగింది. బయటివాళ్ల సంగతి అంతేలే అనుకోగలిగాను. తర్వాత అది ఇంట్లోకి వచ్చింది.

మా అమ్మ ఒకరోజు వడ్డించేముందు నాయన కాచిన చారు గిన్నెలో గరిటె అడుగుదాకా తిప్పి, పైకెత్తి చూసింది. నేను చూశానని గమనించి, "ఊరికే చూసినాలేమ్మా," అంది. మర్నాడు కూడా చూసింది. నాయన విస్తరి ముందు కూర్చుని ఉన్నాడు. ఆయనా చూశాడు. మా అమ్మ ఇరవై ఏళ్లకు పైగా ఆయన చేతి వంట తిన్న మనిషి. పక్కింటివాళ్లు, ఎదురింటివాళ్లు, పాలు పోసే ఆమె రోజూ తలా ఒక మాట అనిపోతుంటే, ఆ చేయి దానంతట అదే గరిటెను అడుగుదాకా తిప్పింది.

తర్వాత నాయన మొదలుపెట్టాడు. ఇంట్లో నలుగురికి చారు పెట్టడానికి చింతపండు రసాన్ని గుడ్డలో వడగట్టి, మళ్లీ వడగట్టి, ఆ గుడ్డ విప్పి వెలుతురులో చూసుకునేవాడు. ఒక సాయంత్రం పెరట్లో గుడ్డ పిండుతూ నన్ను పిలిచాడు.

"పాపా, అది బల్లేనేమో."

"ఏది నాయనా?"

"ఆ పొద్దు పెండ్లిలో."

"నువ్వే నమిలినావు కదా నాయనా. పీచని నువ్వే చెప్పినావు."

"నమిల్నా," అన్నాడు. గుడ్డవైపే చూస్తున్నాడు. "మెత్తగా ఉన్నట్టుండె. పీచైతే అంత మెత్తగా ఉంటాదా?"

"చారులో నానింది నాయనా."

"అంతమంది చెప్తాండారు. అందురికీ అబద్దం చెప్పే పనేముంటాది?"

నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన మీద కాదు. ఆ తెల్లచొక్కా పెద్దాయన మీద, సాక్ష్యం మింగాడన్న గొంతు మీద, ఫోటో అతికించినవాడి మీద, చిన్నమ్మ మీద, చివరికి మా అమ్మ చేతిలోని గరిటె మీద. ఆ రోజు నోట్లో పెట్టుకుని నమిలింది ఆయనొక్కడే. దాని రుచి తెలిసిన మనిషి లోకంలో ఆయనొక్కడే. ఆ రుచిని కూడా వాళ్లు మార్చేశారు.

కొన్నాళ్లకు ఆయన చారు తినడం మానేశాడు. మజ్జిగన్నంతో సరిపెట్టుకునేవాడు. ఒకసారి మా అత్త ఇంట్లో మొహమాటానికి కొంచెం చారు పోయించుకుని రెండు ముద్దలు తిన్నాడు. లేచి పెరట్లోకి పోయాడు. గోడ పట్టుకుని కక్కుకుంటున్న శబ్దం లోపలికి వినిపించింది. పెళ్లి రోజున గ్లాసు నిండా అదే చారు తాగినా ఆయనకు వాంతి కాలేదు. మా అత్త తలుపు దగ్గర నిలబడి, "అంటే నిజమేనన్నమాట," అని మెల్లగా అంది.

ఇప్పుడు ఆయన హిందూపురంలో షామియానాలు, వంటపాత్రలు అద్దెకిచ్చే దుకాణంలో కూర్చుంటాడు. పాత్రలు తీసుకుపోయేవాళ్లలో ఎవరో ఒకరు గుర్తుపట్టి అడుగుతారు. మొదట్లో వాదించేవాడు. ఇప్పుడు, "పడిండొచ్చప్పా, యాడ సూస్తాం," అని అండా బయటికి లాగి ఇస్తాడు. ఆ మాటతో అడిగేవాళ్లు తృప్తిపడి వెళ్లిపోతారు. వాదిస్తే నిలబడి ఇంకా అడుగుతారట.

నేను పెళ్లయి ధర్మవరం వచ్చాను. ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతున్నాను. పోయిన ఏడాది మా బడికి పెనుకొండ నుంచి ఒక లెక్కల టీచరు వచ్చింది. చురుకైన పిల్ల, మంచిది. మధ్యాహ్నం అందరం డబ్బాలు విప్పుకుని ఒకరివి ఒకరం పంచుకునేవాళ్లం. ఒకరోజు పెళ్లి భోజనాల మాట వచ్చింది.

"మా ఊర్లో ఒక పెండ్లిలో ఏమైందో తెలుసా? వంటాయన బల్లి పడిన చారే అందరికీ పోసేసినాడు. తెలిసినంక ఎవురికీ దొరక్కుండా ఆ బల్లిని నోట్లో ఏసుకొని మింగేసినాడు. చానామంది చావుదాకా పోయొచ్చినారు," అంది.

"నువ్వు చూసినావా?" అని అడిగాను.

"మా మామ ఆడనే ఉన్నాడు మేడం."

"ఆ వంటాయన మా నాయన. నేనూ ఆడనే ఉన్నా."

ఆ పిల్ల మొఖం పాలిపోయింది. జరిగింది జరిగినట్టు చెప్పాను. పీచు సంగతి, ఒక్కపొద్దున్న మేనత్త సంగతి, డాక్టరు చెప్పిన మాట, స్టీలు గిన్నె ఫోటో. అందరూ తినడం ఆపి విన్నారు. "అయ్యో, ఎంత అన్యాయం," అన్నారు. ఆ పిల్ల కళ్లనిండా నీళ్లతో నా చేయి పట్టుకుని, "నాకు తెలీదు మేడం, అందరూ చెప్తాంటే నేనూ చెప్పినా," అంది. ఇన్నేళ్లలో ఎవరో ఒకరు నా మాట పూర్తిగా వినడం అదే మొదలు. ఆ సాయంత్రం ఇంటికి పోతూ నాయనకు ఫోన్ చేసి చెబుదామనుకున్నాను. ఎందుకో చేయలేదు.

సెలవులకు ఊరికి పోయి వచ్చాక ఆ పిల్ల నన్ను పక్కకు పిలిచింది. గొంతు తగ్గించి, నన్ను నొప్పించకుండా చెప్పాలని తంటాలు పడుతూ మాట్లాడింది.

"మేడం, మా మామను అడిగినా. మీరు చెప్పిందంతా చెప్పినా. ఆయన మొన్న పాత్రల కోసరం హిందూపురం పోయినాడంట. మీ నాయనే చెప్పినాడంట, పడిండొచ్చని."

నాయన ఆ మాట అన్న సంగతి నిజమే.

"కూతురు కదా మేడం, మీకట్ల అనిపించడంలో తప్పులేదు," అంది ఆ పిల్ల, నా భుజం మీద చేయి వేసి.

ఆ మధ్యాహ్నం అందరం మామూలుగానే కూర్చున్నాం. పిల్లల పరీక్షల గురించి మాట్లాడుకున్నాం. నేను పులిహోర తెచ్చాను, డబ్బా మధ్యలోకి జరిపాను. ఒకామె కడుపు బాగాలేదంది. ఇంకొకామె పొద్దున టిఫిన్ ఎక్కువైందంది. లెక్కల టీచరు ఒక్కర్తే స్పూనుతో కొంచెం తీసుకుని, తన డబ్బా మూతలో పరిచి, మెతుకు మెతుకూ విడదీసి చూసి తినింది. నేను చూస్తున్నానని ఆమెకు తెలియదు. తను అట్లా వెతికి తింటున్న సంగతి కూడా ఆమెకు తెలిసి ఉండదు.