నాటకాల బొమ్మల కింద పెన్సిలు రాత

పోయిన నెలలో ఒక ఆదివారం మా మనవరాలు నన్ను బలవంతంగా స్కూటీ వెనక ఎక్కించుకుని, ఇందిరా నగర్ నుంచి సముద్రం ఒడ్డు వీధుల్లోని ఒక పాత భవనానికి తీసుకుపోయింది. అక్కడ పాతకాలపు బొమ్మలేవో పెట్టారట, వయసులో పటాలు కట్టినవాణ్ణి గనక నాకు నచ్చుతాయని దాని నమ్మకం. లోపల అడుగుపెట్టి మొదటి గోడ చూడగానే నా కాళ్ళు ఆగిపోయాయి. ఇంగ్లండులో తెల్లదొరల నాటకాలు జోరుగా సాగిన రోజుల్లో, రేకుల మీద గీతలు చెక్కి అచ్చొత్తిన బొమ్మలవి. పుర్రె చేతపట్టుకున్న యువరాజు వేషం, కూతుళ్ళు వెళ్ళగొడితే గాలివానలో గడ్డం ఎగురుతున్న ముసలి రాజు, దీపం పక్కన పెట్టి, లేని నెత్తురు కడుక్కుంటున్నట్టు చేతులు రుద్దుకుంటున్న రాణి, ఆ చివర బల్ల ముందు కూర్చుని ఈకతో రాస్తున్న వాళ్ళ మహా నాటకకర్త. అందరూ బొమ్మలు చూస్తున్నారు, నేను మాత్రం బొమ్మల చుట్టూ ఉన్న తెల్లటి అంచులు చూస్తున్నాను. ఏంది తాతా, అంచుల్లో ఏముందని అది అడిగింది. ఏమీ లేదన్నాను. ఆ జవాబు అబద్ధం కాదు. ఆ అంచుల్లో నిజంగానే ఏమీ లేదు.

ఒకప్పుడు ఇలాంటి బొమ్మలే ఆరు నా చేతికి వచ్చాయి. వాటి అంచుల్లో ఉన్నదాన్ని ఉండకుండా చేసింది నేను. ఇన్నేళ్ళూ మా ఇంట్లో ఒక్క నా భార్యకు తప్ప ఎవరికీ చెప్పుకోలేదు. ఇప్పుడు మన ఈడు వాళ్ళకు చెప్పుకుంటే కొంతైనా తేలికపడతానేమోనని రాస్తున్నాను.

నాకప్పుడు ఇరవై ఏళ్ళు. మా మేనమామకు పెద్ద మార్కెట్టు దగ్గర బొమ్మలకు అద్దం, చట్రం బిగించి పటాలు కట్టే అంగడి ఉండేది. పెళ్ళి ఫొటోలు, దేవుడి పటాలు, చనిపోయినవాళ్ళ బొమ్మలు అన్నీ అక్కడికే వచ్చేవి. ఆ రోజుల్లో ఇంట్లో ఒక పటం కట్టించడమంటే ఎంత ముచ్చటో మీకు గుర్తుండే ఉంటుంది. మనిషి పోయిన ఇంట్లో పటం వచ్చి గోడ మీద వేలాడేదాకా అందరికీ ఏదో వెలితిగా ఉండేది. మా మామ మాట కరుకు, పని నాజూకు. మూలలు కలిపిన చోట వేలితో తడిమితే గీత తగిలేది కాదు. ఆయన దగ్గర మూడేళ్ళు పనిచేసి, నాకూ అంతా వచ్చేసిందనుకునే రోజులవి.

మా నాన్నకు వరసకు చెల్లెలు, నాకు అత్త, విల్లియనూరులో ఉండేది. పెళ్ళి చేసుకోలేదు, తపాలా ఆఫీసులో ఉద్యోగం. వాళ్ళ నాన్న పగలు బట్టల మిల్లులో మగ్గాల దగ్గర నిలబడి, సాయంత్రం అయ్యేసరికి ఈ అరవ ఊళ్ళో మన తెలుగువాళ్ళను నలుగురిని కూడగట్టి నాటకాలు ఆడించేవాడు. ఇంగ్లీషు ఆయనకు రాదు. ఎవరో దొరవారి ఇల్లు ఖాళీ చేస్తూ సామాన్లు వేలం వేసినప్పుడు ఈ ఆరు బొమ్మలూ కొనుక్కొచ్చాడట. కథలు చదువుకున్నవాళ్ళనడిగి చెప్పించుకుని, బొమ్మల్లో ఆ నటులు ఎలా నిలబడ్డారో, చెయ్యి ఎక్కడ పెట్టారో, చూపు ఎటు నిలిపారో గంటలకొద్దీ చూసి, అది మన నటులకు ఎలా నేర్పాలో ఒక్కో బొమ్మ కింద తెల్ల అంచు మీద పెన్సిలుతో తెలుగులో రాసుకున్నాడు. ఆయన పోయాక మిగిలిన చేతిరాత అదొక్కటే.

ఈ సంగతంతా నాకు తర్వాత తెలిసింది. వాళ్ళ నాన్న సంవత్సరీకానికి గోడకు తగిలించాలని అత్త ఆ బొమ్మలు గుడ్డలో చుట్టి అంగడికి తెచ్చిన రోజున మామతో ఏదో చెబుతూనే ఉంది, నేను అద్దాలు తుడుస్తూ సగం విన్నాను. మర్నాడు మామ తిండివనంలో ఏదో సంబంధం చూడడానికి బయల్దేరుతూ, అంచుతో సహా కొలువురా అని నాకు చెప్పి మరీ వెళ్ళాడు. ఆయన వచ్చేలోపు ఆరు పటాలూ నేనే కట్టి నిలబెడితే ఎంత మెచ్చుకుంటాడో అన్న ఊపులో, నేను బొమ్మ వరకే కొలిచాను. అద్దాలు కోశాను. చట్రాలు బిగించాను. ఆరూ వరసగా గోడకు ఆనించి, మొదటి బొమ్మ తీసి అమర్చబోతే కాగితం నాలుగు వేళ్ళు బయటికి వచ్చింది.

అప్పుడు నేను చేయాల్సింది మామ వచ్చేదాకా ఆగి, తప్పయిందని ఒప్పుకోవడం. మహా అయితే రెండు తిట్లు తినేవాణ్ణి. నేను కొలబద్ద పెట్టి బ్లేడు తీసుకున్నాను.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. పెన్సిలు రాత నేను చూశాను. మా ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం గాని, నేను చదివింది అరవం, కొంచెం ఇంగ్లీషు. తెలుగు అక్షరం ఒక్కటీ నాకు రాదు. బొమ్మ కింద నటుడి పేరు ఇంగ్లీషులో అందంగా అచ్చయి ఉంటే, అది తెగకుండా ఎంతో జాగ్రత్తగా దాని కిందనుంచి బ్లేడు నడిపించాను. నాకు చదవడం వచ్చిన పేరును కాపాడాను. నా సొంత భాషలో ఉన్నదాన్ని మసిగీతలనుకుని కోశాను. ఆరు బొమ్మలకూ కోసి, ఆ ముక్కలు మామ కంట పడకూడదని బంక కాచే పొయ్యిలో వేశాను. పాత కాగితం కదా, చప్పుడు లేకుండా కాలిపోయింది.

రెండో రోజు అత్త వచ్చింది. మామ ఇంకా రాలేదు. పటం చేతిలోకి తీసుకుని కింది అంచు వెంట వేలు పెట్టి ఇటునుంచి అటు నడిపింది. ఆమె అడక్కుండానే చెప్పేశాను, అంచులకు చెదలు పట్టిండాయత్తా, తీసేయాల్సి వచ్చింది అని. ఆమె వేలు అంచు చివర ఆగింది. తర్వాత, "పోనీలేరా, చెదలకు చదువేం తెలుసు" అని, ఆరు పటాలూ గుడ్డలో చుట్టుకుని బస్సు ఎక్కింది. మామకు కూడా అదే అబద్ధం చెప్పాను. ఆయన నా ముఖంలోకి ఒకసారి చూసి, తన పనిలో కూర్చున్నాడు.

సంవత్సరీకం రోజు విల్లియనూరు పోక తప్పలేదు. హాలులో ఆరు పటాలూ వరసగా తగిలించి ఉన్నాయి. వచ్చినవాళ్ళలో మిల్లులో అత్త నాన్నతో పనిచేసిన ఒక పెద్దాయన ఉన్నాడు, ఆయన నాటకాల్లో రాణి వేషాలు కట్టినవాడట. అప్పటికే బాగా వంగిపోయాడు. కర్ర పక్కన పెట్టి, కళ్ళద్దాలు తుడుచుకుని, చేతులు రుద్దుకునే రాణి పటం దగ్గరికి పోయి కిందికి వంగి చూశాడు. పక్క పటం చూశాడు. మళ్ళీ మొదటిదానికి వచ్చాడు.

"యాడ పోయినాయమ్మా, మీ నాయన అక్షరాలు?" అన్నాడు. "ఈ బొమ్మ కింద నాకోసరం రాసినాడే. ఒక్కసారి చదువుకుందామని వస్తిని."

"చెదలు తినేసినాయి పెదనాయనా" అంది అత్త. నావైపు చూడలేదు. ఆమె చూడలేదన్నదే నన్ను కాల్చేసింది.

ఆ పెద్దాయన గుర్తు చేసుకోబోయాడు. ఏడవొద్దు అని మొదలవుతుందన్నాడు, ఏడవొద్దు అని రెండుసార్లు అని, అక్కడే ఆగిపోయి, చేతులు రెండూ ఒకదానితో ఒకటి రుద్దుతూ నిలబడ్డాడు. మాటలు పోయినా చేతులకు ఆ పాఠం గుర్తుంది. నేను అన్నం తినకుండానే బయటికి వచ్చేశాను.

తర్వాత నాకు విద్యుత్ శాఖలో ఉద్యోగం వచ్చింది, అంగడి మానేశాను. అత్త ఎదురైతే ముఖం చెల్లక సందులోకి తిరిగేవాణ్ణి. పెళ్ళిళ్ళలో ఆమె ఒక వరసలో కూర్చుంటే నేను ఇంకో పంక్తిలో కూర్చునేవాణ్ణి. ఆమె మాత్రం కనబడినప్పుడల్లా బాగుండావారా అని అడిగేది, అంతకుమించి ఏమీ అనేది కాదు.

నా భార్యది సూళ్లూరుపేట వైపు. తెలుగు చదువుకుని వచ్చిన మనిషి. పుట్టింటినుంచి వచ్చే ఉత్తరాలు చదివి వినిపిస్తుంటే, నాకూ నేర్పించమని అడిగాను. ఈ వయసులో ఎందుకని నవ్వింది గాని నేర్పింది. అక్షరాలు పట్టుబడడానికి రెండేళ్ళు పట్టింది. ఒకరోజు ఆమె వాళ్ళమ్మ ఉత్తరాన్ని నా అంతట నేనే, కూడబలుక్కుంటూ చదివాను. మామూలు ఉత్తరమే, ఆవకాయ సంగతి, మోకాళ్ళ నొప్పి సంగతి. చదువుతుండగా కళ్ళనీళ్ళు ఆగలేదు. ఏమైందని ఆమె గాభరా పడితే అప్పుడు మొత్తం చెప్పాను. నాతో చెప్పి ఏం లాభం, పోయి ఆమెతో చెప్పండి అంది. ఆమె అలా అన్నాక కూడా ధైర్యం రావడానికి ఇంకో ఏడాది పట్టింది.

అత్త అప్పటికి రిటైరై చాలా ఏళ్ళయింది, చూపు మందగించింది. వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. పటాలు గోడ మీద లేవు. నేలమీద ఆమె పక్కన కూర్చుని, కొలత తప్పిన దగ్గరనుంచి పొయ్యిదాకా ఒక్క ముక్క వదలకుండా చెప్పాను. అంతా విని ఆమె అంది, "చెదలు కొలబద్ద పెట్టుకోని తింటాయారా?"

"అప్పుడే తెలుసా అత్తా?" అన్నాను.

"చూసిన రోజే తెలుసు."

"మరి అడగలేదెందుకు?"

"నువ్వే వచ్చి చెప్తావని ఉంటిని. ఇన్నేండ్లు పడతాదని అనుకోలా."

ఆ మాటలో కోపం ఉంటే భరించేవాణ్ణి. లేదు. బస్సు ఆలస్యమైందన్నంత మామూలుగా అంది. ఆ ముక్కలైనా దాచుంటావేమోనని చాలాకాలం ఆశ ఉండేదిరా అని కూడా అంది. పొయ్యిలో వేశానని ఇందాకే విన్నది కదా, ఆ ఆశ నేను వచ్చి పోగొట్టినట్టయింది. కాసేపటికి, తెలుగు నేర్చినావంట గదా, అయితే రాసుకో అంది.

ఆమె చెబుతుంటే వాకిట్లోనే కూర్చుని కాగితాల మీద రాశాను. రాణి బొమ్మకు: ఏడవొద్దు, నువ్వు ఏడిస్తే చూసేవాళ్ళు ఊరుకుంటారు, నువ్వు చేతులు కడుగుతా ఉండు, వాళ్ళు ఏడుస్తారు. గాలివానలో రాజుకు: తిట్టేది వానను గాని, కంటిముందర కూతుళ్ళు ఉండాల. నాటకకర్త బొమ్మకు: ఈయన చెయ్యి చూడు, రాసేవాడికి కూడా వేషం ఉంటాది. నేను తప్పుగా పెట్టిన ఒత్తులను, మసక కళ్ళతో కాగితం ముఖానికి ఆనించుకుని చూసి, దిద్దించింది. మిగిలిన మూడూ ఎంతసేపు ఆలోచించినా ఆమెకు రాలేదు. చిన్నప్పటినుంచి ఇంట్లో ఉన్నదే గదా, ఎప్పుడైనా చూసుకోవచ్చునని కంఠతా పట్టలేదురా అంది. నువ్వు కోసేటప్పుడు చూసినావు గదా, ఏమన్నా గుర్తుందా అని అడిగింది. కాస్త ఆశగానే అడిగింది. నాకు గుర్తున్నది వంకరటింకర గీతలు మాత్రమే. అవి ఏ అక్షరాలో చెప్పగలిగే కళ్ళు ఆ రోజు నాకు లేవు.

మరుసటి వర్షాకాలంలో ఆమె పోయింది. పెట్టెలో ఉన్న పటాలను ఆమె అన్న కొడుకులు పాత సామాన్లవాడికి ఇచ్చేశారని తర్వాత విన్నాను. తప్పు పట్టలేను, వాటిని ఉత్త బొమ్మలుగా మార్చింది నేనే.

ఇప్పుడు పటాలు కట్టే అంగళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. ఉన్నచోట యంత్రం కొలుస్తుంది, యంత్రమే కోస్తుంది. మన వీధుల్లో తెలుగు ఇంకా వినబడుతూనే ఉంది, అరవంతో కలిసిపోయి, పిల్లల నోట ముద్దుగానే ఉంది. రాతే లేదు. నా భార్య పోయాక మా వీధిలో తెలుగు చదవగలిగేవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను. ఆ రోజు విల్లియనూరులో రాసుకున్న కాగితాలకు ఇంకో మూడు చేర్చి కుట్టుకున్న పుస్తకంలో మూడు నిండాయి, మూడు ఖాళీ. అప్పుడప్పుడు ఆ ఖాళీ కాగితం ముందు పెట్టుకుని పెన్సిలు చేతిలోకి తీసుకుంటాను. ఇప్పుడు నాకు రాయడం వచ్చు, ఒత్తులు కూడా తప్పు పోవు. ఏం రాయాలో చెప్పగలిగిన మనిషే ఎవరూ లేరు.